పలావ్ మత్స్యకన్య నాణెం కొనేవాళ్లు జాగ్రత్త: "సిల్వర్" అన్న మాట నమ్మి డబ్బు పంపకండి

పసిఫిక్ ద్వీప దేశం పలావ్ పేరిట 1992లో వచ్చిన మత్స్యకన్య నాణేన్ని ఒక అమ్మకందారు "సిల్వర్, ప్రూఫ్" (అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా ముద్రించినది) అని అమ్మకానికి పెట్టాడు. మీలో చాలామంది అతని దగ్గర కొన్నవాళ్లే, పేరు రాయను. 5 డాలర్ల వెండి నాణెం రేటు తీసుకుని 1 డాలర్ నాణెం పంపాడు. రాగి, నికెల్ కలిపిన లోహం అది. ఫొటోల్లో నాణెం మీద ముద్రించిన విలువ కనిపించాల్సిన చోట క్యాప్సూల్ (నాణెం పెట్టే ప్లాస్టిక్ డబ్బీ) మీద లైటు పడేలా తీశాడు. అడిగితే జవాబేంటో తెలుసా? "సిల్వర్ అంటే రంగండీ. వెండి అని నేనెక్కడ రాశాను?" వెండి రేటు తీసుకున్నప్పుడు ఈ రంగు సంగతి ఎందుకు చెప్పలేదు? పొరపాటున వేరేది పంపానన్నా సరిపెట్టుకునేవాళ్లం. ఇది తెలిసి చేసిన మోసం. ఆ వెంటనే బ్లాక్ చేశాడు.

ఈ నాణెం సముద్రజీవుల సిరీస్‌లోది, ఇందులో ఒకవైపు మత్స్యకన్య, రెండోవైపు రంగులద్దిన చేపలు. 1 డాలర్, 5 డాలర్ల నాణేలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి బొమ్మ చూసి తేల్చలేం. విలువే చూడాలి. తర్వాతి ఏళ్ల 1 డాలర్ నాణేల్లో వెండి పూత వేసినవీ ఉన్నాయి.

అయస్కాంతం పెట్టి చూస్తే లాభం లేదు, ఈ లోహం దానికి అంటుకోదు. గీటురాయి మీద గీయిస్తే ప్రూఫ్ నాణేనికుండే అద్దంలాంటి మెరుపు పోతుంది, పైగా పూత వేసినదైతే పైనున్నది వెండే కదా, వెండనే చెప్తుంది.

ఇంట్లో చేయగలిగే వాటిలో నీళ్ల తూకాన్నే నమ్మాలి. 0.01 గ్రాము చూపే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని మెత్తటి సన్నదారంతో కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా పూర్తిగా ముంచండి. 25 గ్రాముల 900 వెండి (వెయ్యికి 900 పాళ్లు వెండి) అయితే కాటా సుమారు 2.4 గ్రాములు చూపాలి. అంతే బరువున్న రాగి-నికెల్ అయితే 2.8 దగ్గర ఉంటుంది. బుడగలు అంటుకుంటే అంకె పెరిగి అసలు వెండే నకిలీలా కనిపిస్తుంది, దారం మెల్లగా కదిపి వాటిని వదిలించండి. తర్వాత మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. శుభ్రం చేయడానికి అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రావకం) మాత్రం వద్దు, చేపల రంగు ఊడిపోవచ్చు.

కొనేముందు రెండువైపులా క్యాప్సూల్ లేకుండా ఫొటో, కాటా మీద బరువు ఫొటో అడగండి. "925 లేదా 900 వెండి" అని చాట్‌లో రాయించుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి.