జీతానికి జీవో, వార్డుకు చట్టం: వరంగల్ నర్సులు ఏది అడిగితే మేలు?

ప్రైవేట్ ఆసుపత్రుల్లో చేసే మన నర్సులు నలుగురు కలిస్తే చివరికి వచ్చే మాట ఒకటే: "మనకోసం ఒక చట్టం రావాలె." ఏ చట్టం అని అడిగితే మాత్రం జీతం, డ్యూటీ గంటలు, వార్డుకు ఎంతమంది, పేషెంట్ బంధువుల దాడులు, ఒరిజినల్ సర్టిఫికెట్లు గుంజుకుని దగ్గర పెట్టుకోవడం, అన్నీ ఒకే మూట కట్టేస్తాం. ఆ మూట విప్పి చూస్తే అన్నిటికీ చట్టం అక్కర్లేదు. కొన్నిటికి జీవో చాలు, ఒకదానికి చట్టం ఇప్పటికే ఉంది, ఒక్కదానికి మాత్రం కొత్త చట్టమే దిక్కు.

ముందు జీతం సంగతి. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరిలో కేంద్రాన్ని కమిటీ వేయమంది. ఆ కమిటీ చెప్పిన లెక్క ప్రతి నర్సుకూ నోటికి రావాలి. 200 పడకలు దాటిన ప్రైవేట్ ఆసుపత్రిలో జీతం ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలి. 100 దాటితే 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 లోపు అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 కన్నా తక్కువ పడకలున్న చోట కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు. హన్మకొండలో సందుకొకటి కనిపించే నర్సింగ్ హోంలు చాలావరకు ఈ చివరి వరుసలోకే వస్తాయి. అయితే ఇవి సిఫారసులే. ఆసుపత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి కాబట్టి అమలు చేయాల్సింది రాష్ట్రమే. ఢిల్లీకి లేఖలు రాసి లాభం లేదు.

రాష్ట్రం దీన్ని రెండు రకాలుగా చేయొచ్చు. ఒకటి ప్రత్యేక చట్టం: శాఖ ముసాయిదా రాయాలి, న్యాయశాఖ చూడాలి, కేబినెట్ ఒప్పుకోవాలి, శాసనసభ, మండలి రెండూ దాటాలి, గవర్నర్ సంతకం పడాలి. ఆ తర్వాత రూల్స్ రావాలి. రెండోది కనీస వేతనాల నోటిఫికేషన్, అంటే జీవో. దానికి అసెంబ్లీ గడప తొక్కే పని లేదు. ప్రభుత్వం ప్రతిపాదన ప్రచురించి, కనీసం రెండు నెలలు అభ్యంతరాలు తీసుకుని, తుది నోటిఫికేషన్ ఇస్తే సరిపోతుంది. 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనూ ఇదే పద్ధతి, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఇదే. మామూలుగా ఐదేళ్లు దాటకుండా రేట్లు సవరించాలని కూడా అందులోనే ఉంది.

కేరళ నర్సులు గెలిచింది ఈ రెండో దారిలోనే. 2017లో సమ్మెకు దిగారు, ముఖ్యమంత్రితో చర్చల్లో 20,000 మాట తీసుకున్నారు. మాట కాగితం మీదికి రావడం ఆలస్యమయ్యేసరికి 2018 ఏప్రిల్‌లో చేర్తల నుంచి తిరువనంతపురం దాకా పాదయాత్ర ప్రకటించారు. నడక మొదలుపెట్టాల్సిన ముందు రోజు నోటిఫికేషన్ వచ్చేసింది. వాళ్లు అడిగింది ఒక్క అంకె, ఒక్క కాగితం. ఆ బిగువు మన వినతిపత్రాల్లో కనపడదు.

జీవోకు లోపం లేదని కాదు. యాజమాన్యాలు కోర్టుకు పోతాయి. ఓడిపోయినా అకౌంట్లో పూర్తి జీతం వేసి, వారం తిరగకముందే కొంత నగదుగా వెనక్కి అడిగే వాళ్లుంటారు. లేబర్ ఆఫీసర్ దగ్గరికి వెళ్తే ముందు అడిగేది పే స్లిప్. మనలో చాలామందికి అదే ఉండదు. అయినా జీతం వరకు నా ఓటు జీవోకే. చట్టం వచ్చాక కూడా ఈ మోసాలు జరుగుతాయి, కాకపోతే దానికి ఎదురుచూసిన ఏళ్లు అదనం.

వార్డులో నర్సుల లెక్క దగ్గరికొస్తే నా మాట తిరగబడుతుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో బోధనాసుపత్రి అయితే ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రి అయితే ఐదుగురికి ఒకరు, సెలవుల కోసం మరో 30 శాతం అదనం. ఐసీయూలో మంచానికి ఒకరు. నైట్ డ్యూటీ చేసిన వాళ్లకు ఇది చదివితే నవ్వొస్తుంది. ఒక చేత్తో డ్రిప్ మారుస్తూ, ఇంకో బెడ్ బెల్ మోగుతుంటే, కేస్ షీట్లు తెల్లవారుజామున ఒక్కసారే నింపుకునే వార్డుల్లో "ఐదుగురికి ఒకరు" ఎక్కడిది? నేను చేసిన ఒక ఆసుపత్రిలో తనిఖీ ఉందంటే పక్క బ్రాంచ్ నుంచి ఆటోలో సిస్టర్లు దిగేవారు. ఇస్త్రీ యూనిఫాం, మెడలో కొత్త ఐడీ కార్డు. సార్లు వెళ్లగానే అదే ఆటోలో వెనక్కి పోయేవారు. రిజిస్టర్‌లో మాత్రం వాళ్ల పేర్లు నెలంతా ఉండేవి.

దీన్ని ఆపడం జీవో వల్ల కాదు. 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద కనీస ప్రమాణాలు పెట్టొచ్చు, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా అధికారం రిజిస్ట్రేషన్ చూస్తుంది, నిజమే. కానీ అది ఆసుపత్రికి లైసెన్స్ ఇచ్చే చూపు, నైట్ డ్యూటీలో నర్సును చూసే చూపు కాదు. షిఫ్టు వారీగా ఎంతమంది ఉన్నారో గోడ మీద రాయాలి, తప్పితే జరిమానా పడాలి, చెప్పిన నర్సు ఉద్యోగం పోకూడదు. ఈ మూడూ కావాలంటే చట్టంలోనే రాయాలి. అమెరికాలో కాలిఫోర్నియా నర్సులు 1999లో వాళ్ల రాష్ట్ర చట్టసభ చేత ఇలాంటి చట్టం చేయించుకుంటే, అమలుకు 2004 దాకా పట్టింది. అంత ఓపిక ఉంటేనే ఈ దారి పట్టాలి.

దాడులకైతే కొత్త చట్టం అడగనే వద్దు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన మెడికేర్ సర్వీస్ పర్సన్స్ అండ్ మెడికేర్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్స్ (హింస, ఆస్తి నష్టం నివారణ) చట్టం తెలంగాణలోనూ ఉంది. దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50,000 దాకా జరిమానా, బెయిల్ దొరకని నేరం, ఆస్తి నష్టానికి రెట్టింపు పరిహారం. నర్సులూ, నర్సింగ్ విద్యార్థులూ దాని కిందికి వస్తారు. స్టేషన్‌కు వెళ్లినప్పుడు ఎఫ్ఐఆర్‌లో ఆ చట్టం పేరు రాయించడమే మన పని. "ఎందుకు సిస్టర్, రాజీ పడండి" అని పైవాళ్లే ఒత్తిడి చేస్తారు, అది వేరే టెన్షన్.

ఇక ఎవరిని పట్టుకోవాలి? ఏకశిలా పార్కు దగ్గర ధర్నా పేపర్‌లో జిల్లా పేజీకి చేరుతుంది, అంతకంటే పైకి పోవడం కష్టం. ఒక వార్డు ఖాళీ చేసి వచ్చి కూర్చుంటే నష్టపోయేది ఆ వార్డులో పేషెంటే కాబట్టి జనం సానుభూతి కూడా తొందరగా కరుగుతుంది. డ్యూటీ లేనివాళ్లు వంతులవారీగా కూర్చుంటే అది వేరే మాట. ఎమ్మెల్యే చేత ప్రైవేట్ బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు, పెట్టిద్దామనే ఆలోచన వినడానికి బాగుంటుంది. పార్లమెంటు చరిత్రలోనే అలా చట్టమైనవి 14, చివరిది 1970లో. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కోర్టు కేసు ఖర్చుతో కూడింది, పైగా సుప్రీంకోర్టు చెప్పాల్సింది చెప్పేసింది.

నాకు పని చేస్తుందనిపించేది మండలి. వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల స్థానం ఒకటి, పైన కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్, మెదక్ కలిపి ఇంకొకటి. డిగ్రీ అయి మూడేళ్లు దాటిన బీఎస్సీ నర్సింగ్ వాళ్లందరూ ఓటర్లు కావచ్చు. పాత జాబితాలో పేరుంది కదా అనుకోవద్దు, ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా రాస్తారు, ఫారం 18 మళ్లీ నింపాలి. జీఎన్ఎం డిప్లొమా వాళ్లకు సాధారణంగా ఈ ఓటు ఉండదు, వాళ్ల బరువు ఎమ్మెల్యే దగ్గరే పనికొస్తుంది. మండలిలో ఒక సభ్యుడు ప్రశ్న వేస్తే మంత్రి జవాబు రికార్డులోకి ఎక్కుతుంది. ధర్నాకు ఆ సౌకర్యం లేదు.

కాగితం మాత్రం ఒక్కదాని మీదే ఉండాలి. హన్మకొండలో ఒక క్యాంపు ఆఫీసులో పీఏ మా వినతిపత్రం రెండు పేజీలు తిరగేసి, "అక్కా, ఇందుల ముందుగాల ఏది కావాలె?" అని అడిగాడు. ముగ్గురం మూడు చెప్పాం. ఇప్పుడైతే ప్రైవేట్ ఆసుపత్రుల కనీస వేతనాల ప్రతిపాదన వెంటనే ప్రచురించాలని, పడకలను బట్టి పైన చెప్పిన నాలుగు వరుసలు అందులో పెట్టాలని రాస్తాను. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఒక కాపీ, కార్మిక శాఖకు ఒకటి, ఎమ్మెల్సీకి ఒకటి. రసీదు తీసుకోవడం మరవద్దు. వార్డు లెక్కల చట్టం కోసం రెండో కాగితం, అది తర్వాత, వేరే రోజున.