మోంట్‌గోమరీ బస్సుకు విశాఖలో లైటింగ్

అమెరికాలోని మోంట్‌గోమరీ నగరంలో 1955 డిసెంబరు 1న రోసా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో శ్వేతజాతి ప్రయాణికుడి కోసం సీటు ఖాళీ చేయనని కూర్చున్న ఘట్టం మీద మా బృందం రాసుకున్న తెలుగు నాటకాన్ని సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రంలో రెండు రోజులు ఆడాము. లైటింగ్‌కు నగరంలోని ఒక బృందాన్ని, డిజైన్‌తో కలిపి 28,000 రూపాయలకు కుదుర్చుకున్నాము.

నల్లజాతి పాత్రల ముఖాలకు నలుపు పూయకూడదని మేము ముందే అనుకున్నాము. తెల్ల నటులు అలా నలుపు పూసుకుని నల్లవారిని వేదికల మీద వెక్కిరించిన చరిత్ర అక్కడ ఉంది. శ్వేతజాతి పాత్రలకు తెల్ల పౌడరూ వద్దనుకున్నాము కనుక భేదమంతా లైటే చూపాలి. ఈ మాట వినగానే డిజైనరు అడిగిన మొదటి ప్రశ్న బస్సులో సీట్లెన్ని అని. మొత్తం 36, ముందరి 10 శ్వేతజాతీయులకు, వెనుక 10 నల్లవారికి, మధ్యలోవి డ్రైవరు ఇష్టం. ముందు భాగానికి ఎదుటి నుంచి నీడలే పడనంత చదునైన తెల్లని వెలుగు, వెనుక భాగానికి వేదిక రెండు పక్కలా ఉండే వింగుల నుంచి తేనెరంగు, లేత ఊదా వెలుగు ఇచ్చారు. మన చామనచాయ ముఖాలకు గులాబీ ప్యాన్‌కేకు మేకప్ పట్టించి ఎదురుగా ఫ్లడ్ లైట్లు కుమ్మరించడమే ఏళ్ల తరబడి చూసిన నాకు, ఆ పక్కవెలుగులో చెంప ఎముక మీది మెరుపు, కనుల కింది అలసట ప్రేక్షకుల వెనుక వరుసల దాకా కనబడడం చూసి మనసు నిండిపోయింది.

నల్లవారి సీట్లు ఎక్కడ మొదలవుతాయో చూపే బోర్డును డ్రైవరు ఒక వరుస వెనక్కి జరిపినప్పుడు తెల్లని వెలుగు అంచు కూడా సరిగ్గా ఒక వరుస వెనక్కి పాకుతుంది. ముగ్గురు లేచి నిలబడతారు. పార్క్స్ మాత్రం లేవకుండా కిటికీ పక్క సీటులోకి జరుగుతారు. అప్పుడు బయటి వీధిదీపం వెలుగు ఆమె ఎడమ చెంప మీద మాత్రమే నిలుస్తుంది. ఆ ఒక్క క్యూ (సమయానికి వెలుగు మార్చడం) కోసమైనా వీరిని మళ్లీ పిలుస్తాను.

అయితే మొదటిరోజు జరిగినది చెప్పకుండా ఉండలేను. ఒప్పుకున్నవి హాలోజన్ స్పాట్లు కాగా, బిగించినవాటిలో సగం చవక ఎల్‌ఈడీలు. అలాంటివాటి తెలుపులో ఎరుపు పాలు తక్కువ కావడంతో నటుల ముఖాలు బూడిద రాసినట్టు పాలిపోయాయి. మనుషుల ఒంటి రంగే విషయమైన నాటకానికి ఇది చిన్న తప్పు కాదు. పైగా ఆపరేటరు ఆ ముఖ్యమైన క్యూను ఆలస్యంగా అందుకోవడంతో, బోర్డు జరిగి డ్రైవరు మాట కూడా అయిపోయాక వెలుగు కదిలింది. ఆ రాత్రే కూర్చుని మాట్లాడుకున్నాక డిజైనరు వాదించకుండా స్పాట్లు మార్పించి, రెండో రోజు లైట్లు నడిపే కంట్రోల్ బోర్డు దగ్గర తానే నిలబడ్డారు.

వీరిని కుదుర్చుకునేవారు హాలోజన్ల సంఖ్యను ఒప్పందంలోనే రాయించుకోండి. ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం లైట్లతో పూర్తి రిహార్సల్ ఇవ్వాలని పట్టుబట్టండి. మేము అది అడగలేదు.