వండర్‌లా: చెన్నై కొత్తదా, బిడది పాతదా? ఏది మేలు?

2025 డిసెంబరులో తిరుప్పోరూరు దగ్గర ఇళ్లలూరులో వండర్‌లా చెన్నై వినోద పార్కు తెరిచారు. అప్పటి నుంచి నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు కుటుంబాల్లో సెలవులొస్తే ఇదే చర్చ. ఇన్నాళ్లూ రోలర్ కోస్టర్ అంటే బెంగళూరు మైసూరు రోడ్డులోని బిడది వండర్‌లాకే పోయేవాళ్లం, ఇప్పుడు చెన్నై దారి పడదామా అని. రెండు ఊళ్లలో స్థిరపడిన తెలుగువాళ్లయితే ఎవరి ఊరి పార్కును వాళ్లు వెనకేసుకొస్తున్నారు.

కొత్త పార్కు గురించి అభిమానులు అంటున్న మాటలను రెండు కుప్పలుగా పోస్తే నిర్ణయం తేలికవుతుంది. క్యూ కదలట్లేదు, నీడ చాలట్లేదు, సిబ్బందికి చేయి తిరగలేదు, తిండి దగ్గర రద్దీ: ఇవన్నీ కాలం సర్దేసే సంగతులు. కోస్టర్ స్వభావం, రైడ్ల సంఖ్య, ఊరి వాతావరణం, రోడ్డు దూరం: ఇవి అంత త్వరగా మారవు. ఎక్కడికి వెళ్లాలో రెండో కుప్పను బట్టి తేల్చుకోండి. ఎప్పుడు వెళ్లాలో మొదటి కుప్ప చెబుతుంది.

తంజోరా, రికాయిల్

చెన్నైకి జనం వెళ్తున్నది ముఖ్యంగా తంజోరా రోలర్ కోస్టర్ కోసం. స్విట్జర్లాండ్‌కు చెందిన బొలిగర్ అండ్ మాబియార్ కంపెనీ ఇన్వర్టెడ్ కోస్టర్ మన దేశానికి రావడం ఇదే మొదలు. ఈ రకంలో రైలు పట్టా తల మీద ఉంటుంది, సీట్లు దాని కింద వేలాడతాయి, కాళ్ల కింద నేల ఉండదు. వరుసకు నలుగురు కూర్చుంటారు. 1992లో అమెరికాలో మొదటిది నడిచినప్పటి నుంచి ప్రపంచంలో కోస్టర్ ప్రియులు అంత ఇష్టపడే నమూనాలు కొన్నే ఉన్నాయి.

బిడదిలోని రికాయిల్ వేరే జాతి. అది వెకోమా కంపెనీ బూమరాంగ్ నమూనా. పట్టా చుట్టు తిరిగి వచ్చేది కాదు, రెండు కొసల్లోనూ ఆగిపోతుంది. రైలును ముందు వెనక్కి లాగి ఎత్తుకు తీసుకెళ్లి వదులుతారు. స్టేషన్‌లోంచి దూసుకుపోయి మూడుసార్లు తలకిందులై రెండో కొండ ఎక్కుతుంది. అక్కడి నుంచి మళ్లీ వెనకవైపుగా ఆ మూడూ తిరుగుతుంది. అంటే మొత్తం ఆరు. ఈ నమూనా వేగం గంటకు 75 కిలోమీటర్ల పైచిలుకు. వెనక్కి వచ్చేటప్పుడు ముందేముందో కనబడదు కాబట్టి, భయం పాళ్లలో రికాయిల్ ఇప్పటికీ తీసిపోదు.

తేడా అంతా మెడకు తెలుస్తుంది. బూమరాంగ్‌లో మలుపు నుంచి మలుపుకు మారే చోట కుదుపు ఎక్కువ. భుజాల మీద దిగే హార్నెస్ చెవుల పక్కనే ఉంటుంది కాబట్టి తల అటూ ఇటూ కొట్టుకుంటుంది. మందు ఒక్కటే: తలను సీటుకు గట్టిగా ఆనించి, రైలు వదిలే ముందే మెడ బిగబట్టడం. చెవిపోగులు తీసేయండి. బొలిగర్ కోస్టర్లలో పట్టా వంపులను మనిషి గుండె ఎత్తును ఆధారంగా తీసుకుని లెక్కగడతారు, కాబట్టి తల పెద్దగా కొట్టుకోదు. కానీ లూపుల అడుగున శరీరం సీటులోకి అణిగిపోతుంది, కాళ్లు బరువెక్కుతాయి, కొందరికి ఒక్క క్షణం చూపు మసకబారుతుంది. తొడలు, పిక్కలు, పొట్ట బిగించి ఉంచితే అది తగ్గుతుంది. కడుపు నిండా తిని గానీ, ఉదయం నుంచి నీళ్లు తాగకుండా గానీ ఎక్కొద్దు.

సీటు సంగతీ చెప్పాలి. ఇన్వర్టెడ్ కోస్టర్‌లో మొదటి వరుసకు ఆకాశమే కనిపిస్తుంది, మిగతా వరుసలకు ముందు సీట్ల వీపులు. చివరి వరుసను మాత్రం రైలు దిగుడులోకి విసిరినట్టు లాగుతుంది. కాబట్టి మొదటిసారి ముందు వరుస కోసం పది నిమిషాలు ఎక్కువ నిలబడినా నష్టం లేదు. రెండోసారి వెనక వరుస చివరి సీటు పట్టండి. చెప్పులు విడిచే ఎక్కాలి, లేదా బూట్లు వేసుకుని లేసులు గట్టిగా కట్టుకోవాలి. కళ్లజోడుకు పట్టీ లేకపోతే కింద వదిలేయండి.

కోస్టర్ ఒక్కటే చూస్తే మా తీర్పు చెన్నైకే, అందులో సందేహం లేదు.

క్యూ ఎందుకు కదలదు

కొత్త పార్కు మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం పైగా ఇక్కడే పుడతాయి. అసలు కారణం చిన్న లెక్క. 28 మంది పట్టే రైలు ఒక్కటే నడుస్తూ నాలుగు నిమిషాలకోసారి బయల్దేరితే గంటకు 15 ట్రిప్పులు, 420 మంది. ఏడు గంటలకు 2,940 మంది. వండర్‌లా చెన్నై రోజుకు 6,500 మందిని తట్టుకునేలా కట్టిన పార్కు. నిండుగా ఉన్న రోజున అందరూ ఒక్కసారి తంజోరా ఎక్కాలనుకున్నా, ఆ వేగంతో సగం మందికి కూడా అందదు. రెండు రైళ్లు పెట్టి రెండు నిమిషాలకోటి వదిలితే లెక్క రెట్టింపవుతుంది. ఒకటి పట్టా మీద ఉండగా రెండోదాంట్లో జనం ఎక్కుతారు. అయితే సిబ్బంది హార్నెస్‌లు తనిఖీ చేసి, సంచులు పక్కన పెట్టించి, చెప్పులు విప్పించి రెండు నిమిషాల్లో వదలడం నెలల అనుభవంతో గాని రాదు. కొత్త సిబ్బంది నెమ్మదిగా ఉన్నారంటే జాగ్రత్తగా ఉన్నారని అర్థం. దాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

రికాయిల్‌కు ఈ వెసులుబాటు ఎప్పటికీ ఉండదు. పట్టా చుట్టు కాదు కాబట్టి రెండో రైలు పెట్టే వీలే లేదు. కానీ బిడదికి వచ్చేవాళ్లంతా రికాయిల్ ఒక్కదాని మీదే పడరు. హరికేన్, మావెరిక్, ఈక్వినాక్స్ లాంటివి జనాన్ని పంచుకుంటాయి.

క్యూ చివర నిలబడ్డాక వాచీ చూసుకోండి. రెండు రైళ్లకు మధ్య ఎన్ని నిమిషాలు పడుతోందో చూసి, మీ ముందున్న మందిని సీట్ల సంఖ్యతో భాగించి, ఆ నిమిషాలతో గుణించండి. ముందు 280 మంది, సీట్లు 28, మధ్యలో నాలుగు నిమిషాలు అయితే 40 నిమిషాలు. గంట దాటేలా ఉంటే వేరే రైడ్‌కు వెళ్లి, పార్కు మూసే గంట ముందు రండి. క్యూ తగ్గించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ చాలా ఖరీదు. శని, ఆదివారాల్లో తప్ప దాని అవసరం రాదు. అదీ ముందు మీకు కావలసిన రైడ్ ఆ రోజు నడుస్తోందో లేదో కనుక్కున్నాకే కొనండి.

నీళ్లు, ఎండ, చెట్లు

ఇక్కడ బిడది ముందుంటుంది. 2005లో తెరిచిన పార్కు అది. 80 ఎకరాలు దాటిన స్థలం, 60కి పైగా రైడ్లు, ఇరవై ఏళ్లుగా పెరిగిన చెట్లు. చెన్నైది 64 ఎకరాలు, 43 రైడ్లు, 611 కోట్ల రూపాయల పెట్టుబడి. అక్కడ నాటినవి నీడ పట్టాలంటే కొన్నేళ్లు ఆగాలి. నీడ గురించిన ఫిర్యాదు నిజమే, అయితే ఏ కొత్త పార్కుకైనా తప్పనిదే.

చెన్నైలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండ 40 డిగ్రీల దగ్గర ఆడుతుంది. పైగా సముద్రపు తేమకు చెమట ఆరదు. ఆ నెలల్లో పిల్లలతో వెళ్తే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా నీళ్లలోనే ఉండండి, సిమెంటు మీద చెప్పుల్లేకుండా నడిపించొద్దు, ఓఆర్‌ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోండి. బిడదిలో గాలి చల్లగా ఉంటుంది గాని ఎండ చర్మాన్ని కాల్చడం మానదు. డిసెంబరు, జనవరిలో అక్కడి కొలనుల్లో దిగితే చిన్నపిల్లలు వణికిపోతారు. వెచ్చటి నీటి జల్లు పడే రెయిన్ డిస్కోను చివరికి ఉంచుకోవడం మంచిది.

వానల విషయంలో రెండింటి క్యాలెండర్లు వేరు. చెన్నైకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. బెంగళూరుకు ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములు, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వానలు. ఉరుములు మొదలైతే ఎత్తైన రైడ్లన్నీ ఆపేస్తారు. కాబట్టి మే నెలలో బిడది వెళ్తే రికాయిల్, డ్రాప్ జోన్ లాంటివి పొద్దున్నే అయిపోవాలి. చెన్నైకి మంచి కాలం జనవరి చివర, ఫిబ్రవరి.

బట్టల సంగతి రెండు చోట్లా ఒక్కటే. కొలనుల్లోకి నైలాన్, పాలియెస్టర్ బట్టలే రానిస్తారు. నూలు బట్టల పోగులు ఫిల్టర్లలో ఇరుక్కుంటాయి, తడిస్తే బరువెక్కి స్లైడ్ల అతుకుల దగ్గర పట్టేస్తాయి. ఇనుప జిప్పులు, బొత్తాలు ఫైబర్ మీద గీతలు పెడతాయి. లోపల కొనే బదులు మీ ఊళ్లోనే కొనుక్కొస్తే డబ్బు మిగులుతుంది.

నానమ్మ, చంటిపిల్లలు

టికెట్ పిల్లల వయసును బట్టి ఉండదు, ఎత్తును బట్టి ఉంటుంది. పెద్ద రైడ్లకు 140 సెంటీమీటర్ల దగ్గర గీత. ఇంటి గోడ మీద కొలిచి తీసుకెళ్తే గేటు దగ్గర ఏడుపులుండవు. ఇంట్లో ఎక్కువమంది ఆ గీతకు లోపలే ఉంటే తంజోరా కోసం అంత దూరం పోవడం వృథా. వాళ్లకు బిడదిలోనే ఎక్కువ దొరుకుతుంది. పెద్దవాళ్లకు కూర్చునే నీడా అక్కడే. రాత్రి ఉండదలచుకుంటే ఆవరణలోనే రిసార్టు ఉంది. చెన్నైలో వాళ్లను ఆనందపెట్టేది స్కై రైల్, పైన మెల్లగా తిరిగే బండి. స్పిన్ మిల్ జోలికి మాత్రం వాళ్లను పంపొద్దు, అది 50 మీటర్ల ఎత్తున గిర్రున తిప్పుతుంది.

దారి

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట నుంచి కారులో వచ్చేవాళ్లు చెన్నై నగరంలోకి దిగొద్దు. మీంజూరు-వండలూరు ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని, వండలూరు నుంచి కేళంబాక్కం మీదుగా తిరుప్పోరూరు చేరండి. తిరుపతి వాళ్లకూ అదే మేలు. సెంట్రల్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఇంకో 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బస్సయితే తాంబరం నుంచి మామల్లపురం వెళ్లే 515 తిరుప్పోరూరు మీదుగా పోతుంది, అక్కడ ఆటో మాట్లాడుకోవాలి. సాయంత్రం ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఐటీ ఆఫీసుల ట్రాఫిక్‌తో తిరుగు ప్రయాణం సాగుతుంది. రాత్రి రైలు ఉంటే కనీసం మూడు గంటల ముందే గేటు దాటండి.

అనంతపురం, హిందూపురం వాళ్లు తుమకూరు రోడ్డు దగ్గర నైస్ రోడ్డు ఎక్కి మైసూరు రోడ్డులో దిగితే నగరం తప్పుతుంది. మెట్రోలో అయితే పర్పుల్ లైన్ చివరి స్టేషన్ చల్లఘట్ట దాకా వచ్చి, అక్కడి నుంచి బస్సో క్యాబో. బైకు మీద వచ్చే కుర్రాళ్లకు ఒక హెచ్చరిక: బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన రోడ్డు మీదికి 2023 ఆగస్టు నుంచి ద్విచక్ర వాహనాలను రానివ్వరు, సర్వీసు రోడ్డులోనే రావాలి.

చిత్తూరు, పలమనేరు వాళ్లకు రెండూ ఇంచుమించు ఒకే శ్రమ. వాళ్లింట్లో కాలేజీ పిల్లలుంటే చెన్నై, పదేళ్ల లోపు పిల్లలుంటే బిడది.

ఖర్చు, తేదీ

చెన్నైలో తెరిచినప్పుడు ప్రకటించిన ధర 1,489 రూపాయలు. ఆన్‌లైన్‌లో ముందే కొంటే, కాలేజీ ఐడీ కార్డు చూపిస్తే తగ్గుతుంది. ఒరిజినల్ కార్డు తీసుకెళ్లండి. కోస్టర్ అక్కర్లేదు, సాయంత్రం దాకా కాలక్షేపం చాలు అనుకునేవాళ్లకు చెన్నైలో ఈసీఆర్ (తూర్పు తీర రోడ్డు) మీద వీజీపీ, ఎంజీఎం పార్కులు ఎటూ ఉన్నాయి.

సంక్రాంతి వారంలో రెండు పార్కులనూ వదిలేయండి. మన పండుగ, తమిళుల పొంగల్ కలిసి వస్తాయి, జనమంతా విహారానికి బయల్దేరే కాణుం పొంగల్ రోజున ఈసీఆర్, ఓఎంఆర్ కదలవు. దసరాకు మైసూరు రోడ్డు అంతే. మంగళ, బుధ, గురువారాలు మేలు, కానీ నవంబరు నుంచి జనవరి దాకా ఆ రోజుల్లోనే స్కూలు బస్సులొస్తాయి. ఆ నెలల్లో గేటు తెరవగానే నేరుగా పెద్ద కోస్టర్‌కు నడవండి. పిల్లల గుంపులు ముందు నీళ్ల వైపే పరుగెడతాయి, మొదటి గంట కోస్టర్ దగ్గర క్యూ పొట్టిగా ఉంటుంది.