51 ముక్కల భిన్నాల సెట్: నాలుగేళ్లు వాడాక

నాలుగు, ఐదు తరగతులకు లెక్కలు చెప్తాను. భిన్నాల పాఠం వస్తోందంటే పిల్లలకన్నా ముందు నాకే టెన్షన్. అందుకే నాలుగేళ్ల కిందట సొంత డబ్బుతో ఈ సెట్ తెప్పించుకున్నాను. ఒక పూర్తి చక్రం, తర్వాత 2, 3, 4, 5, 6, 8, 10, 12 భాగాలుగా కోసిన చక్రాలు, మొత్తం 51 ముక్కలు. వెనక అయస్కాంతం ఉంటుంది, ఇనుప బోర్డుకు అంటుకుంటాయి.

1/3, 1/4లో ఏది పెద్దదని అడిగితే క్లాసులో సగం మంది 1/4 అంటారు. "మూడుకన్నా నాలుగు పెద్దది కదా టీచర్!" నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. రెండు ముక్కలూ ఒకదానిమీద ఒకటి పెట్టమంటే వాళ్లే నాలుక కరుచుకుంటారు. 1/2, 2/4, 3/6 ఒకటేనని చూపడానికీ అంతే. ఈ పనికే పెట్టిన డబ్బు గిట్టుబాటైంది.

చిక్కల్లా రంగులతోనే. మొదటి ఏడు పిల్లలు "పసుపు ముక్క అంటే పావు" అని బట్టీ పట్టేశారు. తెల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఒక భాగం చూపిస్తే, "ఇది పసుపు కాదుగా" అన్నాడొకడు. అప్పటినుంచి సెట్‌ను చివరికి తీస్తున్నాను. ముందు పావుకిలో, అరకిలో, ముప్పావుకిలో. కొట్టుకెళ్లి పావుకిలో ఉల్లిపాయలు తెచ్చే పిల్లకు భిన్నం సగం వచ్చినట్టే, దాన్ని 1/4 అని రాస్తారని తెలియదు, అంతే. తర్వాత కాగితం మడతలు, ఆ తర్వాతే చక్రాలు.

ఇంకో లోపం, ప్రతి రకానికీ ఒక్క చక్రమే ఇచ్చారు. 5/4 చూపాలంటే ముక్క చాలదు. నేను అట్టతో కోసుకున్నాను.

దశాంశాలకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. 0.1 దాకా పదో భాగాలతో లాగొచ్చు, వందో వంతు దగ్గర చేతులెత్తేస్తుంది. రూపాయలు, పైసలతో చెప్పమంటారు కొందరు. పావలా చెల్లకుండా పోయిందే 2011లో, మా పిల్లలు పైసల ముఖం ఎక్కడ చూశారు? దర్జీ టేపే నయం. 1.25ను "ఒకటి పాయింట్ ఇరవై ఐదు" అని చదివినన్నాళ్లూ అది 1.4కన్నా పెద్దదనే అంటారు. టేపు మీద 1 మీటరు 25 సెంటీమీటర్ల దగ్గర ఒక వేలు, 1 మీటరు 40 దగ్గర ఇంకో వేలు పెట్టించండి, చాలు. అయితే పాత టేపులు సాగుతాయి. ఒకే బెంచీ ఒకడికి 120, ఇంకొకడికి 119 సెంటీమీటర్లు వచ్చింది. తక్కువ చెప్పినవాణ్ణి కసిరాను, పాపం. తీరా చూస్తే తప్పు నా టేపుదే. ఇప్పుడు ఏటా స్టీలు స్కేలుతో సరిచూసుకుంటున్నాను.

ఇవాళ్టికి 43 ముక్కలు మిగిలాయి. పోయినవన్నీ పన్నెండో భాగాలూ పదో భాగాలూనే, కొన్నింటికి అయస్కాంతం ఊడింది. మళ్లీ కొంటే రెండు సెట్లు కొంటాను, అన్నీ ఒకే రంగులో దొరికితే.