ఉద్దానం తోటల్లో నక్కల ఫొటోలకు 8×42 బైనాక్యులర్

జీడితోటలో ఎండుటాకుల మధ్య పడుకున్న నక్క మామూలు కంటికి ఆనదు. ఫొటో తీసే ముందు దాన్ని కనిపెట్టడానికి 8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మి.మీ.) సరైన సైజు. 42ని 8తో భాగిస్తే 5.25 మి.మీ. వెడల్పు వెలుగు కంటికి అందుతుంది. మసక వెలుతురులోనూ చెవి అంచు, ముక్కు నలుపు తేలతాయి. 10×42లో ఆ వెడల్పు 4.2కి పడిపోతుంది, చేతి వణుకూ ఎక్కువే. మొత్తం నక్క కోసం వెతక్కండి, నిలువు మొదళ్ల మధ్య అడ్డంగా సాగిన వీపు గీతను పట్టండి. గాలికి ఎదురుగానే కూర్చోవాలి, వాసన తగిలితే అది క్షణం ఉండదు. రికార్డు చేసిన కూతలతో పిలవడం మాత్రం వద్దే వద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నక్క వేట ఎలాగూ నేరమే.

ఇబ్బందల్లా సముద్రపు ఉప్పుగాలి. అద్దాలపై పొర కడుతుంది. ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదేసి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవండి, లేదంటే పూత గీసుకుపోతుంది.