పేరు లేని క్లాసులతో నా అనుభవం

2012లో బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉంటూ జావా ప్రోగ్రామింగ్ ఉద్యోగంలో చేరాను. అనానిమస్ క్లాసులు, అంటే పేరు పెట్టకుండా వాడే చోటే రాసేసే క్లాసులు, అప్పటి నుంచీ రాస్తూనే ఉన్నాను. ఒక్కచోట వాడే కంపారేటర్ (రెండింటిలో ఏది ముందు రావాలో చెప్పే కోడ్) కోసం వేరే ఫైలు తెరిచి, పేరు వెతుక్కునే పని తప్పుతుంది. న్యూ అని రాసి, ఇంటర్‌ఫేస్ (ఏయే మెథడ్లు, అంటే పనులు, ఉండాలో చెప్పే జాబితా) పేరు పెట్టి, మెథడ్ అక్కడే రాసేయొచ్చు. చదివేవాళ్లకూ సార్టింగ్ ఎలా జరుగుతుందో కళ్లముందే ఉంటుంది. ఈ సుఖం నాకు ఇప్పటికీ ఇష్టమే.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం ఒక ఆండ్రాయిడ్ యాప్. ముప్పై సెకన్లకోసారి స్క్రీన్‌ను రిఫ్రెష్ చేయడానికి యాక్టివిటీ (యాప్‌లో ఒక స్క్రీన్‌ను నడిపే క్లాసు) లోపల అనానిమస్ రన్నబుల్ (నడపాల్సిన పనిని రాసే ఇంటర్‌ఫేస్) రాశాను. అది పని అయ్యాక తనను తానే మళ్లీ హ్యాండ్లర్‌కి, అంటే పనులను వరుసలో పెట్టి సమయానికి నడిపేదానికి, ఇచ్చుకునేది. ఫోన్ అడ్డంగా తిప్పి కొత్త యాక్టివిటీ పుట్టిన ప్రతిసారీ మెమరీ పెరుగుతూ పోయింది. రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర లేదు. హీప్ డంప్ (మెమరీలో ఏమేం ఉన్నాయో చూపే కాపీ) తీస్తే పాత యాక్టివిటీలన్నీ అలాగే ఉన్నాయి. పక్క సీట్లోని కడప కుర్రాడు చూపించాడు: "అన్నా, ఈ రన్నబుల్ యాక్టివిటీని పట్టుకుని వదలడం లేదు చూడు."

నిజమే. అనానిమస్ క్లాసు తనను పుట్టించిన ఆబ్జెక్టును లోలోపల గుర్తుపెట్టుకుంటుంది, మనం రాయకపోయినా. బయటి క్లాసును అసలు వాడకపోతే జావా 18 నుంచి కంపైలర్ ఆ లంకె తీసేస్తోంది. మాది యాక్టివిటీ మెథడ్‌నే పిలిచేది కాబట్టి అదీ కాపాడేది కాదు. చివరికి స్టాటిక్ క్లాసు (బయటి ఆబ్జెక్టుతో లంకె లేనిది), వీక్ రిఫరెన్స్ (ఆబ్జెక్టును మెమరీలో కట్టిపడేయని లంకె) పెట్టి, యాక్టివిటీ ముగిసేటప్పుడు నడిచే ఆన్‌డిస్ట్రాయ్‌లో రన్నబుల్‌ను తీసేశాక గానీ మెమరీ కుదుటపడలేదు.

2014లో జావా 8తో లాంబ్డాలు (ఒక్క మెథడ్‌ను క్లాసు రాయకుండా క్లుప్తంగా రాసే పద్ధతి) వచ్చాయి. ఒక్క మెథడ్ ఉన్న ఇంటర్‌ఫేస్‌లు చాలావరకు అటు మార్చేశాను. అలాంటి రన్నబుల్ మాత్రం మారలేదు: లాంబ్డాలో దిస్ (ఈ ఆబ్జెక్టు) అంటే బయటి యాక్టివిటీ, హ్యాండ్లర్‌కి కావాల్సింది రన్నబుల్. కంపైలర్ ఒప్పుకోలేదు. డెస్క్‌టాప్ స్క్రీన్లకు వాడే స్వింగ్‌లో మౌస్ క్లిక్కులను వినే మౌస్‌లిసనర్‌కి ఐదు మెథడ్లు, అక్కడా లాంబ్డా పనికిరాదు. లోపల ఒక ఫీల్డు (విలువ) దాచుకోవాలన్నా అనానిమస్ క్లాసే దిక్కు. అయితే ఒకేసారి రెండు ఇంటర్‌ఫేస్‌లు ఇంప్లిమెంట్ చేయలేం, కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్టు పుట్టేటప్పుడు నడిచే కోడ్) రాయలేం.

ఇంకో బాధ క్రాష్ లాగులు (యాప్ ఆగిపోయినప్పటి రికార్డులు). క్లాసు పేరు చివర డాలర్, అంకె మాత్రమే కనిపిస్తాయి. పైన ఇంకో అనానిమస్ క్లాసు చేర్చితే అంకె జరుగుతుంది, పాత లాగులో మూడోది కొత్త కోడ్‌లో నాలుగోది అవుతుంది. అందుకే పది పదిహేను లైన్లు దాటితే ఇప్పుడు పేరు పెట్టేస్తున్నాను.