పెన్నీ లోఫర్లా, డ్రైవింగ్ మొకాసిన్లా?

ఈ రెండు రకాల షూలకీ లేసులుండవు, కాలు దూర్చి వెళ్లిపోవడమే, అందుకే చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఒకసారి తిరగేసి అడుగు చూడండి, అసలు తేడా అక్కడే తెలుస్తుంది.

పెన్నీ లోఫర్‌కి గట్టి సోల్, వెనక చిన్న హీల్, పైన అడ్డంగా తోలు పట్టీ, దాని మధ్యలో సన్నని చీలిక. అమెరికాలో జి.హెచ్. బాస్ కంపెనీ 1936లో వీజన్స్ పేరుతో వీటిని తెచ్చింది, నార్వీజియన్ అనే మాటలోంచే ఆ పేరు వచ్చింది.

మొకాసిన్‌కి హీలే ఉండదు. మెత్తటి తోలు, అడుగున రబ్బరు బుడిపెలు, అవి మడమ వెనక్కి కూడా ఎక్కి ఉంటాయి, ఎందుకంటే పెడల్ తొక్కేటప్పుడు కారు ఫ్లోర్‌కి ఆనేది ఆ భాగమే. వేసుకుంటే సాక్సులా హాయిగా ఉంటుంది, నిజమే, కానీ రోజూ రోడ్ల మీద నడిస్తే బుడిపెలు తొందరగా అరిగిపోతాయి, మళ్లీ వేయించడం కష్టం. సోల్ కుట్టి ఉన్న మంచి లోఫర్‌కైతే కొత్త సోల్ వేయించుకుని ఏళ్ల తరబడి వాడొచ్చు.

నడక ఎక్కువైతే లోఫరే కొనండి, నా మాట వినండి. ఎక్కువసేపు కార్లోనే ఉండేవాళ్లకి మొకాసిన్ బాగుంటుంది.

ఏది కొన్నా మొదట్లో కాస్త బిగుతుగానే ఉండాలి, వేళ్లు నొక్కుకోకుండా. తోలు వెడల్పులో సాగుతుంది, పొడవులో పెద్దగా సాగదు, మొదటి రోజే మడమ జారుతుంటే మాత్రం ఆ సైజు వదిలేయండి, బిగించడానికి లేసులు లేవు కదా.